కొండకి బస్సుందా?

మన కాలేజీలో ట్రెక్ అనే మాట ఎవరి నోట్లోంచి వచ్చినా, దాని వెనకాలే వచ్చే ప్రశ్న ఒకటే: "కారు ఎవరిది?" కారు దొరికితే నలుగురు వెళ్తారు. దొరక్కపోతే ఆ శనివారం మియాపూర్‌లో సినిమాతో సరి. లేదంటే ఇన్‌స్టాలో కనిపించిన ఏదో ట్రెక్కింగ్ గ్రూపుకి తలకి రెండు వేలు కట్టి, రాత్రి పదింటికి ఆల్విన్ చౌరస్తాలో టెంపో ఎక్కి, తెల్లారేసరికి ఎక్కడో కొండ మీద పొగమంచులో చేతులు చాచి ఫొటో.

నేను అడగమనే ప్రశ్న వేరు. "కొండకి బస్సుందా?" ఉంటే వెళ్దాం. లేకపోతే ఆ కొండని ప్రస్తుతానికి వదిలేద్దాం, బస్సున్న కొండలే మన నాలుగేళ్ళ బీటెక్‌కి సరిపడా ఉన్నాయి.

డబ్బు మిగుల్తుంది, నిజమే. కానీ నేను చెప్పేది పొదుపు గురించి కాదు. బస్సులో వెళ్తే నడక బాగుంటుంది, అదీ నా వాదన. ఒకసారి ఆలోచించండి. బండి మీద వెళ్ళినవాడు కొండ ఎంత ఎక్కినా, బండి పెట్టిన చోటికే తిరిగి రావాలి. ఎక్కిన దారే దిగాలి. మధ్యలో హెల్మెట్ ఉందో పోయిందో అని ఒక చింత. బస్సు మనిషికి ఆ బంధం లేదు. ఈ స్టాపులో దిగి, కొండ అవతలి స్టాపులో ఎక్కొచ్చు. ఒక చోట మొదలెట్టి ఇంకో చోట ముగించడం అనే సుఖం కారున్నవాళ్ళకి తెలీదు పాపం. నది పక్కన నడిస్తే నది ఎటు పోతే అటు పోవచ్చు. ఆ నది సంగతే చెప్పబోతున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. హఫీజ్‌పేట్‌లో ఎవరినైనా అడిగితే అనంతగిరి అంటే వికారాబాద్ దగ్గరిదే. తప్పేం లేదు, అది మన ఇంటి కొండ. హఫీజ్‌పేట్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి లింగంపల్లి, అక్కణ్ణుంచి వికారాబాద్ వైపు వెళ్ళే రైలు, వికారాబాద్ బస్టాండ్‌లో అనంతగిరి మీదుగా వెళ్ళే బస్సు. ఎర్రమట్టి, అనంత పద్మనాభస్వామి గుడి, ఆ అడవిలోనే మూసీ పుట్టేది. పురానాపూల్ కింద ముక్కు మూసుకుని దాటే నీళ్ళకి అక్కడ ఒక బాల్యం ఉందని చూస్తే కానీ నమ్మలేం. ఇంకొంచెం ముందుకెళ్తే తాండూరు. మీ ఇంటి మెట్లకో, అరుగుకో వేసిన బండ అక్కడిదే అయ్యుంటుంది. అది సున్నపురాయి. అంటే మనలో చాలామంది చిన్నప్పటి నుంచీ సున్నపురాయి మీద నడుస్తూనే ఉన్నాం, అడ్డంగా పరిచిన దాని మీద.

నేను చెప్పే అనంతగిరి ఇంకోటి. తూర్పు కనుమల్లో, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. మా పెద్దమ్మ వాళ్ళది శృంగవరపుకోట. అందరూ ఎస్.కోట అంటారు. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే బస్సులు అక్కడ ఆగి, ఆ తర్వాతే ఘాట్ ఎక్కుతాయి. అందుకే సెలవులొస్తే నా సంచి సర్దడం ఎటో అమ్మకి తెలుసు. లింగంపల్లిలో పొద్దున జన్మభూమి ఎక్కితే చీకటి పడ్డాక విశాఖలో దిగుతాం. మర్నాడు పెద్దమ్మ ఇంట్లో కాఫీ.

పెద్దమ్మకి ట్రెక్ అనే మాట నచ్చదు. "ఏటే, కొండకెళ్తావా? కొండకెళ్ళడానికి బూట్లెందుకే? చీకటి పడకముందే బేగి వచ్చీ." ఆమెకి కొండంటే అక్కణ్ణుంచి వచ్చే పనసపండు, కొండచీపుళ్ళు, అడ్డాకులు. ఆ వస్తువులన్నీ దిగేది మనం ఎక్కే బస్సులోంచే.

సంత రోజు ఆ బస్సు ఎక్కితే తెలుస్తుంది. టాప్ మీద గంపలు, కాళ్ళ దగ్గర కోళ్ళు, సీటు కింద అల్లం బస్తా. బౌడారా దాటాక డ్రైవర్ గేరు మార్చిన చప్పుడుతో ఘాట్ మొదలవుతుంది. ఒక పక్క లోయ, ఇంకో పక్క రాతి గోడ, మలుపు మలుపుకీ హారన్. నేను మొదటిసారి ఒంటరిగా వెళ్ళినప్పుడు పక్క సీటావిడ నా బూట్లు చూసి, "గుహలకా పాపా? జంక్షన్‌లో దిగు, అక్కణ్ణుంచి నడకే" అంది. ఆటో ఉంటుందా అని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ కొన్ని కిలోమీటర్ల రోడ్డు నడకే ఆ రోజుకి నాకు దొరికిన మంచి భాగం. చెట్ల కింద కాఫీ మొక్కలు, వాటి మీదకి పాకిన మిరియాల తీగ. మధ్యలో గెడ్డ చప్పుడు. గెడ్డ అంటే అక్కడి మాటలో వాగు. కార్లు నన్ను దాటుకుని పోయాయి, అద్దాలు ఎక్కించుకుని.

బొర్రా గుహల గురించి మీకు తెలిసిందే. సముద్రమట్టానికి 700 మీటర్ల పైన ఉంటాయి. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన ఒక దొర కనిపెట్టాడని ఎక్కడ చూసినా అదే రాసుంటుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో. పుట్టకముందే ఉద్యోగిని ఎలా పంపిందో మరి. సంవత్సరం సంగతి అలా ఉంచితే, "కనిపెట్టడం" అనే మాట దగ్గర కూడా నాకు ఇబ్బందే. ఆ కొండ మీద ఊళ్ళున్నాయి. మేస్తూ మేస్తూ ఆవు బిలంలో పడిపోయిందని, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళినవాడికి లోపల లింగం కనిపించిందని వాళ్ళ కథ. ఆ ఆవు పొదుగు నుంచే నది పుట్టిందట, అందుకే గోస్తని. కథలో కనిపెట్టింది పశువుల కాపరి. ఆ పేరు పుస్తకానికి ఎక్కలేదు, అంతే.

లోపల రంగురంగుల లైట్లు పెట్టారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. పెళ్ళి మండపంలా ఉంటుంది. లక్షల ఏళ్ళు చీకట్లో తయారైన దానికి ఈ అలంకారం ఎందుకో నాకు అర్థం కాదు. కానీ లైట్లని కాసేపు మర్చిపోయి తల పైకెత్తితే, ఫస్టియర్ ఇంజినీరింగ్ కెమిస్ట్రీ మొత్తం అక్కడ వేలాడుతూ ఉంటుంది.

నవ్వకండి. టెంపరరీ హార్డ్‌నెస్ చదివాం కదా. వాన నీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని పల్చటి ఆమ్లం అవుతుంది. అది సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్‌ని బైకార్బొనేట్‌గా మార్చి కరిగించుకుని పోతుంది. అలా కరిగిన ఖాళీయే గుహ. అదే నీరు గుహ కప్పు నుంచి చుక్కగా కారేటప్పుడు లోపలి గాల్లోకి కార్బన్ డయాక్సైడ్ పోతుంది, కరిగిన సున్నం మళ్ళీ రాయిగా మిగిలిపోతుంది. చుక్క పట్టుకున్న చోట పైనుంచి స్టాలక్టైట్, చుక్క పడ్డ చోట కింద నుంచి స్టాలగ్మైట్. ఇప్పుడు హఫీజ్‌పేట్‌కి రండి. మా అపార్ట్‌మెంట్ బోరునీళ్ళకి గీజర్ కాయిల్ రెండేళ్ళకోసారి పోతుంది. మెకానిక్ విప్పితే దాని మీద తెల్లగా, గరుగ్గా మందంగా పట్టి ఉంటుంది. అదీ ఇదే రసాయన చర్యే. అక్కడ గాలి చేసిన పని ఇక్కడ వేడి చేస్తోంది. మన గీజర్‌కి తొందర, బొర్రాకి లేదు. అంతే తేడా. నాకు ఈ సమీకరణం పరీక్షకి మూడుసార్లు బట్టీ పట్టినా నిలవలేదు. ఆ చుక్క ఒకటి నుదుటి మీద పడ్డాక మర్చిపోలేదు.

ఆ గుహ రాయిని శాస్త్రం కాల్సైట్ అంటుంది. పరిశ్రమ కూడా కాల్సైట్ అనే అంటుంది. అక్కడే గొడవ మొదలయింది. లోపల వేలాడితే టికెట్ పెట్టి చూపిస్తాం, పక్క కొండలో ఉంటే లీజుకిచ్చి తవ్విస్తాం. రాయి మాత్రం ఒకటే. బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో, అనంతగిరి మండలంలో, ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజులిచ్చింది. ఆ భూమి షెడ్యూల్డ్ ప్రాంతం. ఆదివాసుల భూమి ఆదివాసేతరులకి మారకూడదని చెప్పే చట్టం ఉంది, మనవాళ్ళు 1/70 అంటారే అదే. సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. చివరికి 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసేతరులకి, ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ కోసం లీజుకివ్వడం చెల్లదు. చట్టంలో "వ్యక్తి" అనే మాటకి అర్థంలో ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పింది. సమత తీర్పు అని దేశమంతా చదివే లా విద్యార్థులకి ఇది పాఠం. దాని మూలం మనవాళ్ళు సెల్ఫీ దిగి వచ్చే కొండ దగ్గర ఉందని మన బ్యాచ్‌లో ఎంతమందికి తెలుసు? బొర్రా చూసొచ్చిన ఆరుగురిని అడిగాను. ఒక్కరికీ తెలీదు. బొంగులో చికెన్ మాత్రం ఆరుగురికీ తెలుసు.

వాళ్ళని తప్పుపట్టడం లేదు. టెంపోలో పక్క సీట్లో కూర్చునేది మన క్లాస్‌మేటే. వాడికి తెలిసింది మనకి తెలుసు, మనకి తెలిసింది వాడికి తెలుసు. బస్సులో పక్క సీట్లో ఆ ఊరి మనిషి కూర్చుంటుంది. ఆవిడ పేరు పెట్టి తీర్పు చెప్పదు. "మా కొండ" అంటుంది, ఆ మాటకొస్తే ఇంకో ప్రశ్న అడుగుతాం, అక్కణ్ణుంచి ఇంటికొచ్చి వెతుక్కుంటాం. నాకలాగే తెలిసింది.

గోస్తని బొర్రా దగ్గర ఆగదు. గుహల్లోంచి వచ్చి, కనుమ దిగి, విజయనగరం జిల్లాలో తాటిపూడి రిజర్వాయర్‌లో నిండి (విశాఖ తాగే నీళ్ళలో ఒక వాటా అదే), మైదానం దాటుకుని భీమునిపట్నంలో బంగాళాఖాతంలో కలుస్తుంది. సున్నపు కొండ నుంచి సముద్రం దాకా నూట ఇరవై కిలోమీటర్ల నది. ఒక్క రోజులో ఒకే దారిన నడవలేం, కానీ బస్సులతో ముక్కలు ముక్కలుగా కలపొచ్చు. నేను కలిపాను, మూడు సెలవుల్లో.

చివరి ముక్క సముద్రం పక్కన. విశాఖలో 900కె బస్సెక్కితే బీచ్ రోడ్డు వెంట రుషికొండ మీదుగా భీమిలి తీసుకెళ్తుంది. కుడి వైపు కిటికీ సీటు దొరికితే ఆ టికెట్టుకి అంతకన్నా మంచి సినిమా లేదు. మంగమారిపేట దగ్గర దిగితే ఒక పక్క సముద్రంలోకి చాచుకున్న సహజ శిలాతోరణం, ఇంకో పక్క తొట్లకొండ. కొండ రాతిలో వాన నీళ్ళ కోసం తొలిచిన తొట్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ ఉండేవాళ్ళు. 1970ల్లో నౌకాదళం తన అవసరానికి సర్వే చేస్తుంటే ఆ శిథిలాలు బయటపడ్డాయి. 128 మీటర్ల ఎత్తే కాబట్టి కొత్తవాళ్ళు కూడా ఎక్కేయగలరు. పైకి రోడ్డుంది, కార్లు వెళ్తాయి. కానీ కింద నుంచి నడిచి ఎక్కితే, ఒక్కో మలుపులో సముద్రం కొంచెం కొంచెంగా పెద్దదవుతుంది. ఓడల్ని చూస్తూ ధ్యానం చేసుకున్న ఆ భిక్షువులు ఏ బీచ్ రిసార్ట్ వాళ్ళకన్నా చోటు బాగా ఎంచుకున్నారు.

కిందకి దిగి మళ్ళీ బస్సెక్కి, భీమిలికి నాలుగు కిలోమీటర్ల ముందు ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాలి. సినిమా పాటల్లో చూసే ఉంటారు. అది మట్టి కాదు, ఇసుక. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి తెచ్చి పోసిన ఇసుక. వేల ఏళ్ళలో గింజ గింజకీ ఇనుప ఆక్సైడ్ పూత పట్టి ఎర్రబడింది. వాన నీళ్ళు దాన్ని కోసి సందులు చేశాయి. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఇంకా ఉన్నాయి. జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. గట్ల మీద ఎక్కి జారకండి. ఒక్కొక్కరు జారిన గాడిలోంచి వచ్చే వానకి నీళ్ళు దారి చేసుకుంటాయి. సందుల అడుగున నడిస్తే చాలు, రంగు కళ్ళకి అక్కడే బాగా ఆనుతుంది. ఆ తర్వాత భీమిలి దాకా నడక, నేవీ కంచెలున్న చోట రోడ్డు మీదుగా. ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులున్నాయి, 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. ఊరు దాటితే గోస్తని ముఖద్వారం. బొర్రాలో చల్లగా, చీకట్లో చూసిన నీళ్ళు అక్కడ ఉప్పుతో కలుస్తుంటాయి. చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు నేను. పక్కన వల బాగుచేసుకుంటున్న తాత, "ఎవరికోసమమ్మా చూస్తన్నావు?" అన్నాడు.

ఇప్పుడు అసలు బాధ. మంగమారిపేట నుంచి విశాఖ వైపు చూస్తే కొండల మీద ఏం మొదలవుతోందో హఫీజ్‌పేట్‌లో పెరిగిన నాకు వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే అది మా కథ రెండో భాగం. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నప్పుడు మాదాపూర్ చుట్టూ రాతి గుట్టలుండేవి. రెండున్నర వందల కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్, ఒక దాని మీద ఒకటి పేర్చినట్టు. ఆ రాళ్ళ కోసం సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంఘమే 1996లో పుట్టింది. కొన్ని మిగిలాయి. ఎక్కువ భాగం కంకర అయి మన పునాదుల్లోకే పోయాయి. సివిల్ బ్రాంచి దాన్ని కాబట్టి కాంక్రీటుని తిట్టే హక్కు నాకు లేదు, తిట్టడం లేదు కూడా. కానీ 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కొడుతుంటే సుప్రీంకోర్టు ఆపమనే దాకా వచ్చింది చూశారు కదా. విశాఖలో రుషికొండ దగ్గర ఐటీ హిల్స్ అనే పేరుతోనే కొండలున్నాయి. రుషికొండని ప్రభుత్వ భవనాల కోసం ఎలా తొలిచారో పేపర్లలో వచ్చింది. కైలాసగిరి మీద గాజు వంతెన కట్టారు.

వీటన్నిటి వెనకా ఒకే ఆలోచన ఉందని నా అనుమానం. కొండ అంటే కారులో పైదాకా వెళ్ళి, పార్కింగ్‌లో బండి పెట్టి, ఏదో ఒకటి కొని, చూసి, దిగిపోయే చోటు. పార్కింగ్ కావాలంటే చదును చేయాలి. చదును కావాలంటే తవ్వాలి. రోడ్డు వెడల్పు కావాలంటే ఇంకొంత తవ్వాలి. ప్రతి కారుకీ కొండ మీద ఇంత జాగా కావాలి. బస్సుకి కావలసింది కొండ కింద ఒక వేపచెట్టు, దాని కింద ఒక బల్ల. యాభై మందిని దింపేసి అది వెళ్ళిపోతుంది. మనం పర్యాటక శాఖని అడగాల్సింది వ్యూ పాయింట్లు కాదు, సాయంత్రం అయిదింటికి ఇంకో ట్రిప్పు. స్టాపులో బస్సు టైములు రాసిన బోర్డు. ఈ రెండూ వస్తే మనకే కాదు, అక్కడ అల్లం బస్తా పట్టుకుని నిలబడ్డ మనిషికీ పనికొస్తాయి. గాజు వంతెన ఆమెకి ఎందుకూ పనికిరాదు.

బస్సు మనం ఎక్కితేనే నిలుస్తుంది. కండక్టర్లు ఓఆర్ అంటుంటారు, ఎన్ని సీట్లు నిండాయన్న లెక్క. ఖాళీగా తిరిగే ట్రిప్పు ఎన్నాళ్ళో తిరగదు. శని ఆదివారాల్లో కార్లలో కొండ నింపేసి, బస్సు మాత్రం ఖాళీగా పంపిస్తే, సోమవారం ఆస్పత్రికి పోవాల్సినవాళ్ళ బస్సుకి మనమే ఎసరు పెట్టినట్టు.

దీనికి మీరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు, మా గ్రూప్‌లో అన్నీ వచ్చాయి. "బస్సులో వెళ్తే సన్‌రైజ్ దొరకదు." దొరకదు. తొమ్మిదింటి ఎండలో కూడా కొండ కొండే. "టైమ్ వేస్ట్." ఘాట్‌లో గంట పైన కిటికీ దగ్గర కూర్చోవడం వేస్ట్ అయితే, అవుటర్ రింగ్ రోడ్ మీద ముందు కారు బంపర్ చూస్తూ గడిపేది ఏమిటో చెప్పండి. "లాస్ట్ బస్ మిస్సయితే?" ఇది మాత్రం నిజమైన ప్రశ్న. సమాధానం: లాస్ట్ బస్సుని లెక్కలోకే తీసుకోకండి. దాని ముందు బస్సు మీ ఆఖరి బస్సు అనుకోండి. దిగేటప్పుడే కండక్టర్‌ని అడగండి, మళ్ళీ స్టాపులో టీ కొట్టాయన్ని అడగండి. ఇద్దరూ ఒకే టైము చెప్తే నమ్మండి. వేర్వేరు చెప్తే ముందుగా ఉన్నదాన్ని నమ్మండి.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ట్రెక్ గ్రూపుల ఫొటోల్లో మనం తక్కువ కనిపించేది కొండలంటే భయం వల్ల కాదు. రాత్రి టెంపోలో తెలియనివాళ్ళతో వెళ్తానంటే మా అమ్మ గుమ్మం దాటనివ్వదు. పొద్దున బస్సుకి వెళ్ళి సాయంత్రం బస్సుకి వస్తానంటే, "కండక్టర్ ఉంటాడు కదా, ఆడవాళ్ళ పక్కన కూర్చో" అంటుంది. కండక్టర్ మీద మా అమ్మకున్న నమ్మకం నా క్లాస్‌మేట్ల మీద లేదు, దానికి నేనేం చెయ్యను. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆ రాష్ట్రం అడ్రసున్న ఆడవాళ్ళకి టికెట్ లేదు. మా హాస్టల్ ఫ్రెండ్స్‌లో సగం మంది ఆధార్ అటు, సగం ఇటు. ఎవరి కార్డు ఎక్కడ చెల్లుతుందో చూసుకుని, చెల్లనివాళ్ళ టికెట్ అందరం వేసుకుంటాం. ఈ పథకాలు మంచివా చెడ్డవా అని మన మెస్‌లో రోజూ వాదన. నేను చూసింది చెప్తాను: ఘాట్ బస్సులో నా పక్కన కూర్చున్న ఒక అమ్మాయి పదో తరగతి. బీచ్ చూడ్డానికి చెల్లెల్ని తీసుకుని మొదటిసారి విశాఖ వెళ్తోంది, ఎవరినీ డబ్బులడగకుండా. మనం కొండకి, వాళ్ళు సముద్రానికి. బస్సు ఒకటే.

"మీరు ఇలా రాస్తే జనం ఎగబడి అక్కడా పాడుచేస్తారు" అని మా సీనియర్ ఒకరు అన్నారు. నాకూ ఆ భయం ఉంది. చిప్స్ కవర్లు బస్సులో వచ్చినవాళ్ళ దగ్గరా ఉంటాయి. కానీ నాలుగు వందల కార్లు ఒకేసారి వచ్చినట్టు నాలుగు వందల బస్సులు రావు. మనిషికి తిరిగి బస్సు పట్టుకోవాలన్న ధ్యాస ఉంటుంది. స్పీకర్లూ స్టవ్వులూ భుజాన మోసుకుని ఎవరూ బస్సెక్కరు. బరువు దానంతటదే హద్దు పెడుతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం. బొర్రా దగ్గర రైలు సొరంగాల్లోకి నడిచి వెళ్ళి రీల్స్ చేస్తున్నారు. అది రైల్వే చట్టం ప్రకారం నేరం. నేరం కాకపోయినా, ఆ లైను మీద ఇనుప ఖనిజం గూడ్సులు మలుపులో కనబడకుండా వస్తాయి. రెండోది, విశాఖ సముద్రంలో దిగకండి. చూడ్డానికి ప్రశాంతంగా ఉన్న చోటే అల వెనక్కి లాగుతుంది. మోకాలి లోతు చాలు అనుకున్న విద్యార్థుల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

సెమిస్టర్ పరీక్షలయ్యాక మొదటి ఆదివారం మా సెక్షన్ నుంచి తొమ్మిది మందిమి వికారాబాద్ అనంతగిరికి వెళ్తున్నాం. మూసీ నుంచి మొదలుపెట్టి, సంక్రాంతి సెలవుల్లో గోస్తని దాకా వెళ్ళాలని లెక్క. హఫీజ్‌పేట్ స్టేషన్‌లో లింగంపల్లి వైపు ప్లాట్‌ఫాం, పొద్దున మొదటి ఎంఎంటీఎస్. రెండు లీటర్ల నీళ్ళు, పులిహోర, ఆధార్ కార్డు, చిల్లర తెచ్చుకోండి. కారున్నవాళ్ళు కూడా రావచ్చు, కారు ఇంట్లో పెట్టి.